యాభై దాటిన మగవారు తెలిసికోవలసిన సంగతి

మన యిండ్లలో మగవారికి ఒక అలవాటున్నది. పంటినొప్పి వస్తే చెపుతారు. మోకాలు పట్టివేస్తే చెపుతారు. రక్తపుపోటు యెంత వున్నదో, చక్కెర యెంత వున్నదో పెండ్లి పందిట్లో పక్కన కూర్చున్నవారికి సైతం వినిపిస్తారు. కాని మూత్రం సాఫీగా రావటం లేదన్న సంగతి మాత్రం కట్టుకున్న భార్యకైనా చెప్పరు. రాత్రి నాలుగుసార్లు లేస్తూ వుంటే, "వేడి చేసిందిలే" అంటారు. బార్లీనీళ్ళు తాగుతారు, సబ్జాగింజలు నానవేయించుకుంటారు, కొబ్బరిబోండాలు కొట్టించుకుంటారు. వేసవి పోయి వానలు పడినా ఆ వేడి తగ్గదు. అప్పుడు, "వయసు వచ్చింది గదా" అని మరొక మాట చెప్పుకొని వూరుకుంటారు.

ఈ నెల ఆ సంగతినే వ్రాయదలచుకున్నాము. ఆడవారూ పిల్లలూ చదివే పత్రికలో యిదేమి విషయమని కొందరనవచ్చు. కుటుంబ పత్రిక కుటుంబంలోని అందరిదీ గదా! తల్లుల ఆరోగ్యం గురించి, బిడ్డల ఆరోగ్యం గురించి నిస్సంకోచంగా వ్రాసుకుంటున్నప్పుడు తండ్రుల ఆరోగ్యం దగ్గరకు వచ్చేసరికి సిగ్గు యెందుకు?

మన హూడి కళ్ళయెదుటనే మారిపోయిన వూరు. రాగిచేలు, చెరువుగట్టు, నాలుగు వీధులుగా వుండిన చోట నేడు అంతస్తుల మీద అంతస్తులు లేచినవి. వైట్‌ఫీల్డులో కంప్యూటరు కంపెనీలు వచ్చిన తరువాత రూపు మారింది. 2023 మార్చిలో కృష్ణరాజపురం నుంచి వైట్‌ఫీల్డు దాకా మెట్రో రైలు నడవటం మొదలై, హూడికీ ఒక స్టేషను దక్కింది. ఇక్కడ తెలుగువారు రెండు తరగతులు. తరతరాలుగా యిక్కడే వుండి, యింట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే పాత కుటుంబాలవారు ఒకరు. ఉద్యోగాలకు వచ్చిన పిల్లల వెంట చిత్తూరు, అనంతపురం, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి చేరిన తల్లిదండ్రులు మరొకరు.

ఈ రెండు తరగతులలోనూ యాభై, అరవై దాటిన కొందరు పెద్దలను మేము కదిలించి చూచాము. "ప్రోస్టేటు గ్రంథి అంటే తెలుసునా? దానికి వచ్చే కాన్సరును ముందుగా కనిపెట్టే పరీక్ష వున్నదని విన్నారా?" అని అడిగాము. కొందరు ఆ పేరే వినలేదన్నారు. కొందరు విన్నారు గాని, అది వస్తే యిక మనిషి లేనట్లే ననుకుంటున్నారు. మూడవ రకంవారు చిత్రమైనవారు. కొడుకో అల్లుడో ఆసుపత్రిలో "పూర్తి శరీర పరీక్ష" అనే కట్టకు డబ్బు కట్టి తీసుకువెళ్ళగా, నలభై పరీక్షలతోపాటు యీ పరీక్షా జరిగిపోయింది. కాగితం బీరువాలో వున్నది. అందులోని అంకె కర్థమేమో తండ్రికీ తెలియదు, డబ్బు కట్టిన కొడుకుకూ తెలియదు. మేము మాట్లాడిన నలుగురిని పట్టి లోకమంతా యింతేననటం న్యాయం కాదు. అయినా తెలియని సంగతి తెలుసుకోవటంలో నష్టం లేదు గనుక మొదటినుంచీ చెప్పుకుందాము.

ప్రోస్టేటు గ్రంథి మగవారికే వుంటుంది. మూత్రాశయానికి సరిగ్గా కింద, మలాశయానికి ముందు, అక్రోటుకాయ అంత వుండి మూత్రనాళాన్ని చుట్టుకొని వుంటుంది. వీర్యంలో కొంత ద్రవాన్ని తయారుచేయటం దాని పని. యౌవనంలో అది వున్నదన్న జ్ఞాపకమే మనిషికి వుండదు. యాభై దాటినకొద్దీ చాలామందిలో అది మెల్లమెల్లగా పెరుగుతుంది. నడుమ వున్న నాళాన్ని నొక్కుతుంది. అప్పుడు మూత్రపుధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది, పోయివచ్చినా యింకా వున్నట్లే వుంటుంది, రాత్రులు లేపుతుంది. మూత్రాశయానికీ మలమార్గానికీ నడుమ రాయివలె గట్టిగా వుండి అడ్డుపడే వాతాష్ఠీల అనే వ్యాధిని సుశ్రుత సంహితలోనే వర్ణించారు. అంటే యీ బాధ కంప్యూటర్లతో వచ్చింది కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం గుర్తుంచుకోవాలి. ఈ గ్రంథికి వచ్చే బాధలు ప్రధానంగా మూడు. ఒకటి వయసుతో వచ్చే వట్టి పెరుగుదల. యిది కాన్సరు కాదు, కాన్సరుగా మారదు. రెండవది సూక్ష్మజీవుల వల్లనో, మరో కారణం వల్లనో వచ్చే వాపు. మూడవది కాన్సరు. పెరిగిన గ్రంథి వున్నవారందరికీ కాన్సరు వున్నట్లు కాదు. అలాగే మూత్రం సాఫీగా వస్తున్నంత మాత్రాన కాన్సరు లేదనీ కాదు. ఎందుచేతనంటే, యీ కాన్సరు సాధారణంగా గ్రంథి అంచులలో మొదలవుతుంది. తొలిదశలో నాళాన్ని నొక్కదు, నొప్పి పెట్టదు, యే సూచనా యివ్వదు.

దీనికి యిద్దరు పెద్దమనుషుల దృష్టాంతాలు చెప్పవచ్చు. బ్రిటనురాజు చార్లెస్‌గారికి ప్రోస్టేటు గ్రంథి పెరిగిందనీ, అది ప్రమాదకరమైనది కాదనీ 2024 జనవరిలో రాజభవనంవారు బాహాటంగా ప్రకటించారు. ఇతర మగవారు కూడా పరీక్ష చేయించుకునేందుకు ప్రోత్సాహంగా వుంటుందనే ఆ సంగతి దాచలేదన్నారు. చికిత్స సమయంలో ఆయనకు వేరొక కాన్సరు బయటపడింది గాని, అది ప్రోస్టేటుది కాదని చెప్పారు. ఇక అమెరికా మాజీ అధ్యక్షులు బైడెన్‌గారికి 2025 మే నెలలో, 82వ యేట, ప్రోస్టేటు కాన్సరే తేలింది. అప్పటికే అది యెముకలకు పాకింది. ఆయనకు చివరిసారి ఆ రక్తపరీక్ష చేసింది 2014లో అని ఆయన కార్యాలయం తెలియజేసింది. వైద్యులు ఎంత దగ్గర వున్నా యీ జబ్బు చడీచప్పుడూ లేకుండా పెరగగలదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇప్పుడు పరీక్ష సంగతి. పి.యస్.ఎ. అని పొడి అక్షరాలలో పిలిచేది ప్రోస్టేటు గ్రంథి తయారుచేసే ఒక మాంసకృత్తు. అందులో కొద్దిభాగం రక్తంలోకి వస్తుంది. చేతినుంచి కాస్త రక్తం తీసి అది యెంత వున్నదో కొలుస్తారు. పరగడుపున వుండనక్కరలేదు. కొన్ని వందల రూపాయలలో అయిపోతుంది. అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ 1986లో దీనిని, కాన్సరు వున్నవారి పరిస్థితి గమనించటానికి అనుమతించింది; వ్యాధిని కనిపెట్టటంలో సాయంగా వాడుకోవటానికి 1994లో అనుమతించింది. మిల్లీలీటరు రక్తంలో 4 నానోగ్రాములు దాటితే ఆలోచించవలసినదేనని ఒక వాడుక యేర్పడింది. కాని వయసునుబట్టి వైద్యులు ఆ గీతను అటూ యిటూ జరుపుతారు.

ఇంతవరకు బాగానే వున్నది. చిక్కు యిక్కడే. పి.యస్.ఎ. అనేది గ్రంథి గుర్తేగాని కాన్సరు గుర్తు కాదు. వట్టి పెరుగుదల వున్నా ఆ అంకె పెరుగుతుంది. మూత్రంలో చీము పట్టినా పెరుగుతుంది. మూత్రానికి గొట్టం వేసినా, ముందురెండు రోజులలో భార్యాభర్తలు కలిసినా, సైకిలు గట్టిగా తొక్కినా కొంత పెరగవచ్చు. అంకె యెక్కువ వచ్చిన నలుగురిలో సుమారు ముగ్గురికి కాన్సరు వుండదని బ్రిటనులోని ప్రభుత్వ వైద్యశాఖ చెపుతున్నది. అంకె మామూలుగా వున్న యేడుగురిలో ఒకరికి వుండనూ వచ్చునని అదే చెపుతున్నది. కాబట్టి అంకె యెక్కువ వచ్చిందని ఆ రాత్రే వీలునామా వ్రాయవద్దు. తక్కువ వచ్చిందని పదేళ్ళు నిశ్చింతగా నిద్రపోనూ వద్దు.

మరొక మెలిక కూడా వున్నది. గ్రంథి పెరుగుదలకు వాడే ఫినాస్టిరైడ్, డ్యుటాస్టిరైడ్ అనే మందులు కొన్నినెలలు వాడితే పి.యస్.ఎ. దాదాపు సగానికి పడిపోతుంది. బట్టతలకు యిచ్చే మందులలో కూడా ఫినాస్టిరైడ్ వుంటుంది. అంటే కాగితంలో 3 అని కనిపించినది నిజానికి 6 కావచ్చును. కనుక వాడుతున్న మందులన్నీ వైద్యునికి తప్పక చెప్పాలి.

అంకె యెక్కువ వస్తే యేమి చేస్తారు? తెలిసిన వైద్యుడైతే మొదట మూత్రంలో చీము లేదని చూచుకొని, కొన్నివారాలాగి మళ్ళీ పరీక్ష చేయిస్తాడు. మలద్వారంలో వేలుపెట్టి గ్రంథి గట్టిగా వున్నదా, గడ్డలున్నవా అని తడిమి చూస్తాడు. మన మగవారు అన్నిటికంటె జంకేది దీనికే. అది ఒక నిమిషపు పని. తరువాత అవసరమైతే యం.ఆర్.ఐ. చిత్రం తీస్తారు. అందులో అనుమానం కనిపించినచోట సూదితో ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కాన్సరు వున్నదని రూఢిగా చెప్పేది ఆ ముక్కేగాని రక్తపరీక్ష కాదు. కాన్సరు కణాలు యెంత ఉధృతంగా వున్నవో తెలిపే లెక్కను అమెరికా వైద్యుడు డోనాల్డ్ గ్లీసన్ 1966లో యేర్పరచాడు. ఆయన పేరుమీదనే నేటికీ 6 నుంచి 10 వరకు అంకె వేస్తారు. 6 సాధువు. 9, 10 దుష్టములు.

"ఇంత మంచి పరీక్ష వుంటే ప్రభుత్వమే అందరికీ చేయించరాదా?" అని అడుగుతారేమో. మన దేశంలో 2016 నుంచి వచ్చిన జాతీయ పథకంలో 30 యేండ్లు దాటినవారికి నోటికాన్సరు, రొమ్ముకాన్సరు, గర్భాశయ ముఖద్వారపు కాన్సరు — యీ మూడింటికే పరీక్షలు చేయాలని నిర్ణయించారు. ప్రోస్టేటు అందులో లేదు. దీనికి కారణం అశ్రద్ధ మాత్రమే కాదు. ఈ పరీక్ష వల్ల మేలు యెంత, కీడు యెంత అని ప్రపంచంలో పెద్ద పెద్ద వైద్యులే ముప్పైయేండ్లుగా వాదించుకుంటున్నారు.

ఆ వాదం సారాంశం యిది. ప్రోస్టేటు కాన్సర్లలో చాలాభాగం నత్తనడక నడిచేవి. ముసలితనంలో వేరే జబ్బుతో పోయినవారిని పరీక్షించి చూస్తే, వారికి తెలియకుండానే యీ కాన్సరు ఒక మూల వుండటం చాలామందిలో కనబడింది. అటువంటిదానిని వెతికిపట్టి కోసివేస్తే ప్రాణం నిలబెట్టినట్లు కాదు. వున్న సుఖం పోగొట్టినట్లు. శస్త్రచికిత్స తరువాత కొందరికి మూత్రం ఆపుకునే శక్తి పోతుంది. చాలామందికి దాంపత్యశక్తి తగ్గుతుంది. కొన్ని కాన్సర్లు మాత్రం పులివలె దూకుతవి. వాటిని ముందు పట్టకపోతే ప్రాణహాని. ఏది నత్తో, యేది పులో మొదట్లో తెలియకపోవటమే కష్టం.

అమెరికాలోని నిపుణుల సంఘం 2018లో ఒక లెక్క చూపింది. 55 నుంచి 69 యేండ్ల మధ్యనున్న 1,000 మంది మగవారికి యీ పరీక్ష చేస్తూ పోతే, సుమారు 240 మందికి అంకె యెక్కువ వస్తుంది. ముక్క తీసి చూస్తే 100 మందికి కాన్సరు తేలుతుంది. వారిలో 80 మంది యెప్పుడో ఒకప్పుడు శస్త్రచికిత్సో, కిరణచికిత్సో చేయించుకుంటారు. వారిలో 50 మందికి దాంపత్యశక్తి, 15 మందికి మూత్రం మీద అదుపు దెబ్బతింటవి. 3గ్గురిలో వ్యాధి దూరంగా పాకకుండా ఆగుతుంది. ఒకరి ప్రాణం, మహా అయితే యిద్దరిది, దక్కుతుంది. పరీక్ష చేసినా 5గురు ఆ కాన్సరుతోనే పోతారు. ఆ సంఘంవారే 2012లో యీ పరీక్ష వద్దేవద్దన్నారు. 2018లో మాట మార్చి, 55–69 యేండ్లవారు వైద్యునితో మాట్లాడి తమకు తాము నిర్ణయించుకోవచ్చునన్నారు. 70 దాటినవారికి మామూలుగా అక్కరలేదన్నారు.

యూరపు దేశాలలో 1,62,000 మందికి పైగా మగవారిని 23 యేండ్లు గమనించి చూచిన ఫలితాలు 2025 అక్టోబరులో వెలువడినవి. పరీక్షకు పిలిచిన వారిలో యీ కాన్సరు మరణాలు 100కు 13 తగ్గినవి. 456 మందిని పరీక్షకు పిలిస్తే ఒక ప్రాణం దక్కినట్లు తేలింది. ఇదే పరిశోధనలో 2009లో చూచినప్పుడు ఒక ప్రాణానికి 1,410 మందిని పిలవవలసి వచ్చింది. అంటే యీ పరీక్ష మేలు యేండ్లు గడిచినకొద్దీ కనబడేది. ఇంకా పదిపదిహేనేండ్లు బ్రతికే ఆరోగ్యం వున్నవారికే దీనితో ప్రయోజనం. ఎనభైయేండ్ల తాతగారికి, గుండెజబ్బుతో మంచమెక్కినవారికి యీ పరీక్ష చేయించి ఇంటిల్లపాదీ గాభరా పడటంలో అర్థం లేదు.

మన దేశం సంగతి వేరొక విధంగా వున్నది. అమెరికావారి బాధ అతిగా పరీక్షించటం. మన బాధ ఆలస్యంగా రావటం. 2022లో మన దేశంలో సుమారు 38 వేలమందికి యీ కాన్సరు కొత్తగా వచ్చిందనీ, సుమారు 18 వేలమంది దీనివల్ల మరణించారనీ అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థవారి అంచనా. బెంగుళూరులో 1973లో నెలకొన్న కిద్వాయి సంస్థ 1982 నుంచి యీ నగరంలోని కాన్సరు రోగుల లెక్క వ్రాస్తున్నది. ఢిల్లీ, బెంగుళూరు వంటి పెద్ద నగరాలలో మగవారి కాన్సర్లలో ప్రోస్టేటుది నేడు ముందువరుస. మనవారు బ్రతికే వయసు పెరిగింది, పరీక్షలూ పెరిగినవి. అయినా యెముకలకు పాకి, నడుము విరిగేటట్లు నొప్పి వచ్చిన తరువాతనే ఆసుపత్రి గడప తొక్కేవారు మనలో యింకా చాలామంది.

అందుచేత రెండు మాటలను కలపకుండా చూచుకోవాలి. బాధ యేదీ లేనివారు ముందుజాగ్రత్తగా చేయించుకునే పరీక్ష ఒకటి. అది యెవరి యిష్టం వారిది, ఆలోచించి చేసుకోవలసినది. బాధ వున్నవారు కారణం తెలుసుకోవటానికి వెళ్ళటం మరొకటి. దీనిలో యిష్టాయిష్టాలు లేవు, వెళ్ళి తీరవలసినదే. మూత్రంలో రక్తం కనబడినా, మూత్రం సన్నబడినా, రాత్రులు పదేపదే లేవవలసి వచ్చినా, వెన్నులోనో తుంటిలోనో విడువని నొప్పి వున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వేడి అనుకొని వూరుకోరాదు. మూత్రం పూర్తిగా బిగిసిపోయినా, కాళ్ళు పట్టు తప్పినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

ముందుజాగ్రత్త పరీక్ష గురించి యెవరెప్పుడు ఆలోచించాలి? సాధారణంగా యాభై దాటినప్పుడు. తండ్రికో, అన్నదమ్ములకో యీ కాన్సరు వచ్చివుంటే తమకు వచ్చే అవకాశం సుమారు రెండింతలు. అటువంటివారు నలభై, నలభై అయిదు నుంచే వైద్యునితో మాట్లాడటం మంచిది. ఆడవారికి రొమ్ముకాన్సరు, అండాశయపు కాన్సరు తెచ్చే బి.ఆర్.సి.ఎ. అనే జన్యుదోషం మగవారికి ప్రోస్టేటు కాన్సరును తెస్తుంది. కాబట్టి అమ్మకు, అక్కకు, మేనత్తకు వచ్చిన జబ్బు కూడా వైద్యునికి చెప్పదగినదే. మన యిండ్లలో యిటువంటి సంగతులు పిల్లలకు తెలియనీయరు. "నాయన యేదో కడుపులో జబ్బుతో పోయినాడు" అనటమేగాని పేరు చెప్పరు. అది ఆస్తి దాచినంత నష్టం. ఏ జబ్బుతో, యే వయసున పోయినారో కుటుంబంలో ఒక పుస్తకంలో వ్రాసిపెట్టి వుంచటం మనుమల మేలుకే.

కాన్సరని తేలినా చేయగలిగింది చాలా వున్నది. గ్రంథిని దాటని సాధువైన కాన్సరుకు, కత్తి పట్టకుండా, ఆరునెలలకో యేడాదికో పరీక్షిస్తూ కనిపెట్టి వుండే పద్ధతి నేడు వున్నది. బ్రిటనులో 1,643 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు శస్త్రచికిత్స, ఒక గుంపుకు కిరణచికిత్స, ఒక గుంపుకు వట్టి గమనింపు యిచ్చి 15 యేండ్లు చూచారు. 2023లో తేలినదేమంటే, యే గుంపులోనైనా ఆ కాన్సరుతో పోయినవారు 100కు 3గ్గురే. అయితే వట్టి గమనింపులో వున్నవారిలో వ్యాధి పాకటం 100కు 9 మందిలోను, తక్కిన గుంపులలో 5గురిలోను కనిపించింది. ఇవి రెండూ తెలిసి నిర్ణయించుకోవాలి. పాకిన కాన్సరుకు కూడా మగ హార్మోనును అణచే చికిత్స వున్నది. దీనికి దారి చూపిన చార్లెస్ హగ్గిన్స్ అనే చికాగో వైద్యుడు 1941లో తన ఫలితాలను ప్రకటించి, 1966లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ దారిలో నేడు యెన్నో మందులు వచ్చి, పాకిన వ్యాధితో కూడా చాలామంది యేండ్ల తరబడి తిరుగుతున్నారు.

ఎక్కడికి వెళ్ళాలి? మొదట మీకు తెలిసిన వీధివైద్యుని దగ్గరకే వెళ్ళండి. ఆయన అవసరమైతే మూత్రవ్యాధుల నిపుణుని దగ్గరకు పంపుతాడు. హూడివారికి వైట్‌ఫీల్డులోని వైదేహి ఆసుపత్రి దగ్గర. ప్రభుత్వపక్షాన విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో మూత్రపిండ, మూత్రవ్యాధుల సంస్థ వున్నది. హోసూరు రోడ్డులో కిద్వాయి వున్నది. వెళ్ళేముందు నాలుగు ప్రశ్నలు కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి. నా వయసుకూ ఆరోగ్యానికీ యీ పరీక్ష అవసరమా? అంకె యెక్కువ వస్తే తరువాత యేమి చేస్తారు? కాన్సరు తేలితే వెంటనే చికిత్స కావాలా, కనిపెట్టి వుండవచ్చునా? చికిత్సవల్ల నాకు కలిగే యిబ్బందు లేమిటి? ఈ నాలుగింటికి జవాబు విన్న తరువాత చేయించుకున్నా సరే, వద్దన్నా సరే, అది తెలిసి చేసిన పని అవుతుంది.

ఇక ఆడవారితో ఒక మాట. అమ్మలారా, ఆయన రాత్రి యెన్నిసార్లు లేస్తున్నారో ఆయనకంటె మీకే బాగా తెలుసును. నవ్వులాటకు చెప్పవద్దు, నిదానంగా అడిగి, కూడా వెళ్ళండి. ఉద్యోగాలు చేసే కొడుకులకూ అల్లుళ్ళకూ మరొక మాట. మామగారికో నాయనకో పరీక్షల కట్టకు డబ్బు కట్టటంతో మీ ధర్మం తీరలేదు. అందులో పి.యస్.ఎ. వున్నదా అని చూడండి. వున్నట్లయితే రక్తం తీయకముందే దాని సంగతి ఆయనకు చెప్పి, ఆయన యిష్టం కనుక్కోండి. ఇదివరకే చేయించి వుంటే ఆ కాగితం బీరువాలోనుంచి తీసి ఒక వైద్యునికి చూపించండి. ఆ పని యీ ఆదివారమే చేయవచ్చు.